మొత్తుకునే డబ్బా

గుగులోతు సువర్ణకు రోజు ఫోనుతోనే మొదలవుతుంది. ఎక్కువసార్లు ఆ ఫోను వేంసూరు నుంచి సీతారావమ్మ చేస్తుంది.

"అమ్మా సువర్ణా, నేను పెళ్ళికని సత్తుపల్లి వచ్చానమ్మా. గేటుకి తాళం వేశానో లేదో గుర్తుకు రావట్లేదు. కాస్త చూసి చెప్పు తల్లీ."

"నేనెట్ల చూస్తనమ్మా?"

"అదేంటి, కెమెరాలు పెట్టింది నువ్వే కదా!"

సువర్ణ పెట్టిన కెమెరాలన్నీ ఇల్లందులో ఆమె దుకాణంలో ఉన్న టీవీలో కనిపిస్తాయని, ఆమె పొద్దస్తమానం వాటి ముందు కూర్చుని అందరి గేట్లూ కనిపెట్టుకుని ఉంటుందని సీతారావమ్మ నమ్మకం. నాలుగేళ్ళుగా అదే నమ్మకం.

"మీ ఫోన్ల చూస్తే మీకే కనపడ్తదమ్మా. నాకు కనపడదు. కనపడొద్దు కూడా. వేరేవాళ్ళ ఇల్లు నేను చూస్తే అది తప్పు."

"అయ్యో, నువ్వు చూస్తే నాకేం తప్పులేదమ్మా. నువ్వు మా మనిషివే."

సువర్ణ కళ్ళు మూసుకుని పళ్ళు బిగపట్టి, ఫోన్‌లో ఏది నొక్కాలో మొదటినుంచీ చెబుతుంది. అవతల సీతారావమ్మ "ఆ, ఆ" అంటూ విని, చివరికి "ఎందుకులే, పక్కింటి వాళ్ళకి ఫోన్ చేస్తా" అని పెట్టేస్తుంది.

సువర్ణది ఇల్లందు దగ్గరి మొర్రిగట్టు తండా. ఖమ్మంలో ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, అక్కడే ఒక కెమెరాల దుకాణంలో ఆరేళ్ళు పనిచేసింది. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్తే ప్రతి ఇంట్లోనూ "మెకానిక్ రాలేదామ్మా?" అని ఆమె వెనక్కి చూసేవారు. గోడకు రంధ్రం వేస్తుంటే కింద నిలబడి "పడతవేమో జాగ్రత్త" అనేవారు. పని అయిపోయాక మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. భర్త బాలకృష్ణకు బొగ్గు గనిలో పని రావడంతో ఇల్లందు వచ్చి, పాత బస్టాండు సందులో చిన్న మడిగె కిరాయికి తీసుకుని సొంతంగా పెట్టుకుంది. ఇప్పుడామెకు ముప్పై ఆరేళ్ళు. పని మీద ఆమెకు విసుగు లేదు. విసుగంతా ప్రశ్నల మీద.

కరెంటు పోతే కెమెరా పనిచేస్తదా? బ్యాటరీ పెట్టుకుంటే చేస్తుంది. నెట్ లేకపోతే? రికార్డు అవుతుంది, దూరం నుంచి ఫోన్‌లో చూడలేరు, అంతే. దొంగ కెమెరానే ఎత్తుకుపోతే? బొమ్మ ఉండేది కెమెరాలో కాదు, లోపల దాచిన డబ్బాలో. మరి ఉత్త డొల్ల కెమెరా తగిలిస్తే సరిపోదా? సరిపోతుంది, దొంగ కూడా డొల్లవాడైతే. ఈ జవాబులన్నీ ఆమె ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించింది. వచ్చినవాళ్ళు ఆ కాగితం కిందే నిలబడి, దాని మీద మోచెయ్యి ఆనించి, అవే ప్రశ్నలు అడిగేవారు.

సొంత తండావాళ్ళయితే ఇంకా ఘోరం. వరసకు పెదనాన్న అయిన తుల్సీరాం ఎడ్ల కొట్టం దగ్గర కెమెరా పెట్టించుకున్నాడు. నెల తిరక్కుండానే "నీ కెమెరా చచ్చిపోయింది, నువ్వు ఇచ్చిందే పాతది" అని నలుగురి ముందు అన్నాడు. సువర్ణ ఉన్న పని వదిలేసి పద్నాలుగు కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్ళింది. కెమెరా బాగానే ఉంది. కేబుల్ బాగానే ఉంది. గోడ దగ్గర చూస్తే కెమెరా ప్లగ్గు పీకేసి ఉంది, దాని స్థానంలో తుల్సీరాం ఫోను చార్జింగ్ అవుతోంది.

"పెద్దనాయనా, ఇది ఎవరు పీకిండ్రు?"

"నేనే. ఫోన్ల చార్జింగ్ లేకపోతే కెమెరా ఎట్ల చూడాలె?"

ఆ రోజు ఇంటికి వచ్చి బాలకృష్ణతో, "టైలరింగ్ నేర్చుకున్నా మంచిగుండు" అంది సువర్ణ.

దసరా వెళ్ళిన పదిహేను రోజులకు, ఒక మధ్యాహ్నం పుష్ప దుకాణానికి వచ్చింది. పుష్పదీ మొర్రిగట్టు తండానే, బాబూరావు బిడ్డ. ఇరవై మూడేళ్ళుంటాయి. ఇల్లందులో రక్తపరీక్షలు చేసే ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్. రోజూ ఉదయం బస్సులో వస్తుంది, సాయంత్రం బస్సులో పోతుంది. మొర్రిగట్టు స్టేజీలో దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. ఒకవైపు అడవి, ఇంకోవైపు పత్తి చేలు.

అంతకుముందే ఒకాయన గంటసేపు అవే ప్రశ్నలు అడిగి, ఏమీ కొనకుండా, "ఆలోచించి చెప్తా" అని వెళ్ళాడు. సువర్ణ ఇంకా ఆ వేడిలోనే ఉంది.

"అక్కా, కండ్లల్ల కొట్టే స్ప్రే ఉంటదట, ఉందా?"

"ఉంది. ఎదురుగాలి ఉంటే నీ కండ్లల్లనే పడ్తది. డేటు దాటితే పని చెయ్యదు. బ్యాగు అడుగున పెట్టుకుంటే నువ్వు తీసేవరకు వాడు ఊరు దాటిపోతడు. ఇంకేం అడుగుతవో జల్దీ అడుగు, నేను అన్నం తినాలె."

పుష్ప కౌంటరు మీది అద్దాన్ని వేలితో రుద్దుతూ మెల్లగా అడిగింది.

"ఒకటే మనిషి రోజూ వెనక వస్తుంటే ఏది మంచిదక్కా?"

సువర్ణ అన్నం డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఎవడే?"

ఎవడో పుష్పకు తెలియదు. ముప్పై దాటినవాడు, నల్ల బండి. హెల్మెట్ తలకు ఉండదు, హ్యాండిల్‌కు వేలాడుతుంటుంది. ఐదుంబావు బస్సు వచ్చే వేళకు స్టేజీలో ఉంటాడు. మొదట్లో "తండాకేనా, దించుతా" అన్నాడు. వద్దంటే ఊరుకోకుండా, నడిచే మనిషి వెనక బండిని నడకంత నెమ్మదిగా తోలుకుంటూ వాగు దాకా వచ్చేవాడు. రెండు వారాలుగా ఇదే వరస. నిన్న పేరు పెట్టి పిలిచాడు.

"నా పేరు వాడికెట్ల తెలుసో తెల్వదక్కా."

సువర్ణ ఆమె మెడలో వేలాడుతున్న ల్యాబు కార్డు చూసింది. ఫోటో, పేరు, ఫోన్ నంబరు, అన్నీ ఉన్నాయి. "బస్సు ఎక్కేముందన్నా దీన్ని తీసి బ్యాగుల పెట్టుకోవా?" అని గట్టిగా అనేసింది. అన్నాక పుష్ప మొహం చూసి, తప్పు ఈ పిల్లది కాదు కదా అని నాలుక కరుచుకుంది.

"ఇంట్ల చెప్పినవా?"

"చెప్తే పని బంద్ చేయిస్తరు."

"పోలీసులకు, నూటపన్నెండుకు ఫోన్ చెయ్యరాదా?"

"ఆ రోడ్డు మీద సిగ్నల్ ఉండదక్కా. వాగు దాటినంకనే వస్తది."

సువర్ణ అలమరలోంచి కోడిగుడ్డంత డబ్బా ఒకటి తీసింది. తాళంచెవులకు తగిలించుకునే రకం. దానికో పిన్ను, పిన్నుకో తాడు. పిన్ను పీకితే అంబులెన్సులాగా మొత్తుకుంటుంది. మళ్ళీ పిన్ను దూరిస్తేనే ఆగుతుంది.

"బ్యాగుల కాదు, బస్సు దిగంగనే చేతికి రావాలె. తాడు మణికట్టుకు కట్టుకో. పీకినంక డబ్బాను దూరంగ విసిరెయ్యి, ముళ్ళల్ల పడ్డా మంచిదే. పిన్ను మాత్రం నీ చేతిల్నే ఉండాలె. అది వాడికి దొరికిందంటే నోరు మూసేస్తడు."

"డబ్బా నోరా?" అని పుష్ప నవ్వబోయింది. సువర్ణ నవ్వలేదు.

రెండు సాయంత్రాలు సువర్ణ ముందే దుకాణం మూసి, స్కూటీ మీద స్టేజీకి వెళ్ళి పుష్పను ఎక్కించుకుని తండాలో దించింది. ఆ రెండు రోజులూ వాడు కనిపించలేదు. మూడో రోజు పత్తి మిల్లులో పని తెమలక వెళ్ళలేకపోయింది. ఆ రోజే వాడు వచ్చాడు. బండి మరీ దగ్గరికి తెచ్చేసరికి పుష్ప పిన్ను పీకింది. వాడు అదిరిపడి, కాలు కింద పెట్టి, చుట్టూ చూసి, బండి తిప్పుకుని పోయాడు. ఎవరన్నా వస్తారేమోనని పుష్ప పిన్ను దూరించకుండా తండా వైపు చూస్తూ నిలబడింది. పది నిమిషాలు ఆ రోడ్డు మీద ఆ మోత మోగింది.

ఒక్కరూ రాలేదు.

చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. తండా మొదట్లో మంచం వేసుకుని కూర్చున్న తుల్సీరాంను మర్నాడు సువర్ణ వెళ్ళి నిలదీస్తే, "ట్రాక్టర్ వెనక్కొస్తున్నదనుకున్న బిడ్డా" అన్నాడు.

"పది నిమిషాలు వెనక్కొస్తదా పెద్దనాయనా ట్రాక్టరు? ఎక్కడికి పోతది, కొత్తగూడేనికా?"

డబ్బా తప్పేమీ లేదు. అది చెయ్యవలసినదంతా చేసింది. విన్నవాళ్ళకే ఏం చెయ్యాలో తెలియలేదు. ఈ సంగతి తాను ముందే ఆలోచించలేదని సువర్ణకు తన మీద తనకే కోపం వచ్చింది.

పుష్పను ఒప్పించి, ఆదివారం పొద్దున అంగన్‌వాడీ వరండాలో అందరినీ కూర్చోబెట్టింది. జరిగినదంతా చెప్పింది. చెప్పీ చెప్పగానే బాబూరావు లేచాడు.

"రేపటికెళ్ళి పోదు. గంతే. పని లేకపోతే బతకమా?"

"కాకా, ఎలుకలున్నయని ఇంటికి నిప్పు పెట్టుకుంటరా? తప్పు చేసినోడు బండేసుకుని తిరుగుతుండు, నీ బిడ్డను ఇంట్ల కూసోబెడతవా?"

"నీకేంది, చెప్తవు. రేపేదన్న అయితే?"

"ఏదన్న కావొద్దనే కదా ఇందర్ని పిలిచింది!"

పుష్ప నాయనమ్మ చాంది అప్పటిదాకా ఒక మూల కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. "అది పోతది," అంది కొడుకుతో. "నేను గర్భంతో ఉండి అడివిల కట్టెలకు పోలేదా? అప్పుడు లేని దొంగలా?" బాబూరావు గొణుగుతూ కూర్చున్నాడు.

సువర్ణ పిన్ను పీకి అందరికీ ఆ మోత వినిపించింది. పిల్లలు చెవులు మూసుకున్నారు, కుక్కలు మొరిగాయి. పిన్ను పెట్టేసి, "ఈ సప్పుడు వింటే చేతిల ఏ పని ఉన్నా వదిలేసి, అందరూ కలిసి రోడ్డు మీదికి రావాలె. ఇంతే. ఇంకేం లేదు" అంది.

ఇంకేం లేదు అంటే వినేదెవరు?

"ఇది పీకితే పోలీసులకు ఫోన్ పోతదా?"

"పోదు. మీకు వినపడాలె, మీరు రావాలె."

"దీంట్ల కెమెరా ఉంటదా?"

"ఉండదు."

"సెల్లు అయిపోతే?"

"నెలకోసారి పీకి చూసుకోవాలె."

"పీకి చూసినప్పుడు మేము రావాల్నా?"

సువర్ణ నుదురు పట్టుకుంది. అంతలో వెనకనుంచి జమ్లి, తుల్సీరాం కోడలు, లేచి అడిగింది. "వదినె, దీనికి కోతులు బెదురుతయా?"

ఆ ప్రశ్నతో వరండా అంతా ఒక్కసారి ప్రాణం పోసుకుంది. ఆ ఏడు కోతులు తండాను పీక్కుతింటున్నాయి. మక్క కంకులు ఆరబోస్తే చాలు, గుంపుగా వచ్చిపడుతున్నాయి. మనిషి వెంటపడే మనిషి సంగతి పక్కకు పోయి, అరగంటసేపు కోతుల మీదే మాట్లాడారు. సువర్ణ గొంతు పోయేలా అరిచి, అది ఆడవాళ్ళ కోసం తెచ్చినదని, ఆటవస్తువు కాదని చెప్పి, పుష్పకు కాక ఇంకో ముగ్గురికి తలొకటి ఇచ్చింది. మేకల వెంట అడవికి పోతాను కదా అని జమ్లి కూడా ఒకటి తీసుకుంది.

నాలుగో రోజుకే ఫోను మోగింది. తుల్సీరాం.

"సువర్ణా, నీ డబ్బా చెట్టెక్కింది."

"ఏంది?"

జమ్లి ఆ డబ్బాను డాబా మీద ఆరబోసిన మక్క కంకుల పక్కన, మేకుకు తగిలించింది. కోతులు వస్తే పీకుదామని ఆమె లెక్క. ఆమె రొట్టె తిని వచ్చేలోపు ఒక కోతి డబ్బాను పట్టుకుని గుంజింది. పిన్ను మేకుకే ఉండిపోయింది, డబ్బా కోతి చేతిలోకి వచ్చింది. మోతకు బెదిరిన కోతి ఇప్పచెట్టు చిటారుకు ఎక్కి, డబ్బాను కొమ్మల సందులో పడేసి, ఇంకో చెట్టు మీదికి దూకి పోయింది. డబ్బా మాత్రం అక్కడే ఉండి మొత్తుకుంటోంది. ఫోన్‌లో సువర్ణకు ఆ మోత స్పష్టంగా వినిపిస్తోంది.

"నీ ఫోన్లకెళ్ళి దాన్ని బంద్ చెయ్యి బిడ్డా."

"నా ఫోన్లకెళ్ళి బంద్ కాదు పెద్దనాయనా!"

"మరి ఎట్ల?"

"సెల్లు అయిపోయిందాంక మొత్తుకుంటది. అనుభవించుండ్రి!"

అది గంటకు పైగా మోగింది. తండాలో సగం మంది చెట్టు కింద చేరి, రబ్బరు గులేర్లు లాగి రాళ్ళు కొట్టారు. ఒక రాయి తిరిగొచ్చి తుల్సీరాం భుజానికే తగిలింది. ఆ రోజునుంచి తండా కోతుల మీద పగబట్టింది. ఇంకోసారి ఆ మోత వినిపిస్తే ఒక్క కోతినీ వదలకూడదని జమ్లి, ఆమెతో పత్తికి పోయే ఆడవాళ్ళు, చేలోకి కూడా కర్రలు, గులేర్లు తీసుకుపోవడం మొదలుపెట్టారు.

సువర్ణకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. "అయిపోయింది," అంది బాలకృష్ణతో. "ఇంక అది మోగితే కోతి అనే అనుకుంటరు. ఆ పిల్లకు ఎవరు వస్తరు?" మర్నాటినుంచి మళ్ళీ వీలైన ప్రతి సాయంత్రం స్టేజీకి వెళ్ళడం మొదలుపెట్టింది.

అయితే ఆ తర్వాతి బుధవారం ల్యాబులో యంత్రం చెడిపోయి పుష్ప మధ్యాహ్నమే బయలుదేరింది. ఆ సంగతి సువర్ణకు తెలియదు. పట్టపగలు మూడు గంటలప్పుడు పుష్ప స్టేజీలో దిగింది. వాడు బస్సునే వెంబడించి వచ్చాడో, ల్యాబు దగ్గరే కాపు కాశాడో, వాగు మీది కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఆ రోజు భయపెట్టినవు కదా," అన్నాడు. "ఇయాల ఎవరొస్తరో చూద్దాం."

అని ఆమె బ్యాగు పట్టీ పట్టుకున్నాడు. పుష్ప పిన్ను పీకింది. వాడు బ్యాగు వదిలేసి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె డబ్బాను బలంకొద్దీ రేగు కంపల్లోకి విసిరేసింది. వాడు కంపల్లోకి రెండడుగులు వేసి, ముళ్ళు గుచ్చుకుని బూతులు తిడుతూ వెనక్కి వచ్చాడు. "పిన్ను ఇయ్యి" అని ఆమె పిడికిలి విప్పబోయాడు. పుష్ప ఆ పిడికిలిని కడుపుకు అదుముకుని, రోడ్డు మీద ముడుచుకుని కూర్చుంది. వాడు మణికట్టు మెలిపెడుతున్నా విప్పలేదు. ఆమెకు అప్పుడు ఒకటే గుర్తుందట, విప్పొద్దు అని.

పక్క చేలో జమ్లి తలెత్తింది.

"కోతి! కోతి మళ్ళ ఎత్కపోయింది!"

పదిహేను మంది ఆడవాళ్ళు, ఒళ్ళోని పత్తి ఒళ్ళోనే ఉండగా, కర్రలు పట్టుకుని గట్టెక్కారు. అటువైపు మేకలు కాస్తున్న చాంది తన కర్రతో వచ్చింది. తుల్సీరాం కూడా గులేరు పట్టుకుని వచ్చాడు. చెట్ల మీద వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు కల్వర్టు దగ్గర మనిషి కనిపించాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. వాడికీ అర్థం కాలేదు. పుష్ప తలెత్తి, "వదినె, వీడే!" అని అరిచింది.

వాడు బండి దగ్గరికి ఉరికాడు. సెల్ఫ్ నొక్కాడు, స్టార్టు కాలేదు. రెండోసారి నొక్కేలోపు చాంది చెయ్యి చాపి తాళంచెవి లాగేసి, రవికలో వేసుకుంది. "ఇప్పుడు తీస్కో," అంది. జమ్లి కర్ర వాడి మోకాలి మీద పడింది. ఇంకొన్ని కూడా పడేవేమో గానీ తుల్సీరాం అడ్డం నిలబడ్డాడు. "కొట్టకుండ్రి. కొడితే కేసు మన మీదికి తిరుగుతది. కూసోబెట్టుండ్రి." వాణ్ణి కల్వర్టు మీద కూర్చోబెట్టి చుట్టూ నిలబడ్డారు. చాంది మనవరాలి పక్కన కూర్చుని, ఆ పిడికిలిని ఒక్కో వేలూ విప్పింది. అరచేతిలో పిన్ను దిగబడి ఎర్రగా గుంట పడింది. కంపల్లో డబ్బా ఇంకా మోగుతూనే ఉంది.

తుల్సీరాం ఫోన్ చేస్తే సువర్ణ దుకాణం మూసి పోలీస్ స్టేషన్‌కు చేరేసరికి, వాణ్ణి పోలీసులకు అప్పగించి తండా అంతా బయట ఉంది. లోపల ఫిర్యాదులు రాసుకునే రైటరు పుష్పను అడుగుతున్నాడు.

"ఒక్కదానివే ఎందుకు నడుస్తున్నవమ్మా ఆ రోడ్డుల? ఎవరినన్న తోలుకుపోవచ్చు కదా? అంతకుముందు వానితో మాట్లాడినవా?"

పొద్దున్నుంచి రాత్రిదాకా ప్రశ్నలు విని విని రాటుదేలిన సువర్ణకు ఆ మూడు ప్రశ్నలు వినేసరికి తల తిరిగినంత పనైంది.

"సార్, నా దుకాణంల రోజూ వంద మంది వంద అడుగుతరు. కోతులకు పనిచేస్తదా అని కూడ అడిగిండ్రు. వాటికన్నిటికీ జవాబు చెప్పిన. కానీ గిట్లాంటి ప్రశ్న ఎవ్వరూ అడగలే. ఆమె రోడ్డు మీద నడుస్తున్నది, ఎందుకంటే ఇల్లు ఆ రోడ్డు మీద ఉన్నది! వాడెందుకున్నడో వాణ్ణి అడగండ్రి."

రైటరు కలం ఆపాడు. ఆ మాటలు విని పక్క గదిలోంచి ఎస్సై వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి. రైటరు ముందున్న కాగితం తీసుకుని, తనే కూర్చుంది. "ఎన్ని రోజులనుంచి వస్తున్నడు? బండి నంబరు? ఎవరైనా చూసినవాళ్ళున్నరా?"

"నేను అటు పోయిందే ఇయాల," అంటున్నాడు వాడు. పక్క ఊళ్ళో పురుగుమందుల దుకాణానికి ఏజెంటునని, దారి అడగడానికే ఆగానని.

స్టేజీలో దస్రు కిరాణా కొట్టుకు సువర్ణ పెట్టిన కెమెరా ఉంది. బస్సు ఆగేచోటు అందులో పడుతుంది. నెల రోజులు దాటితే పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. ఆలస్యం చేస్తే పోతుంది. ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని సువర్ణ అప్పుడే వెళ్ళింది.

"పాస్‌వర్డ్ చెప్పు దస్రన్నా."

దస్రు తల గోక్కున్నాడు. "నువ్వే పెట్టినవు కదా?"

"నేను పెట్టింది మార్చుకోమని చెప్పిన. మార్చిన అన్నవు."

"మార్చిన. ఏం పెట్టిన్నో యాదికి లేదు."

పెళ్ళాం పేరు, కొడుకు పేరు, బండి నంబరు, ఎద్దు పేరు, అన్నీ కొట్టారు. చివరికి బీడీల డబ్బా అట్ట వెనక దస్రే రాసిపెట్టుకున్న అంకెలు దొరికాయి. తెరిచి చూస్తే తేదీ ఏకంగా ఇరవై ఏళ్ళు వెనక్కి ఉంది. రికార్డు డబ్బాలో గడియారం సెల్లు ఎప్పుడో చచ్చింది. దస్రు ఎవరికీ చెప్పలేదు. "బొమ్మ వస్తున్నది కదా, తేదీ ఎందుకు?" అన్నాడు.

కానిస్టేబుల్ పెదవి విరిచాడు. "ఇది చెల్లదమ్మా. తేదీయే తప్పు."

సువర్ణ కోపంతో ఆ టీవీని నేలకేసి కొట్టేదే. ఊపిరి పీల్చుకుని, చేతిలోని ఫోనును టీవీ పక్కన పెట్టి రెండూ కలిపి వీడియో తీసింది. "ఫోన్ల టైము చూడండ్రి. డబ్బల టైము చూడండ్రి. తప్పే, కానీ రెండింటికి నడుమ తేడా ఇంతే కదా. అన్ని రోజులు ఇదే తేడా. అది కలుపుకుంటే తేదీ వస్తది. మీకు అనుమానముంటే బస్సు కూడ పడ్డది దీంట్ల, ట్రిప్పు షీటుతోని సరిచూడండ్రి." కానిస్టేబుల్ రెండుసార్లు లెక్కేసి చూసి, తల ఊపాడు.

ఆ నెల రోజుల్లో తొమ్మిది సాయంత్రాలు వాడు ఆ తెరమీద ఉన్నాడు. బస్సు రావడానికి ముందు వచ్చి, పుష్ప దిగగానే బండి తీసి, వెనకే మలుపు తిరుగుతూ. ఆ తొమ్మిది ముక్కలూ కాపీ చేసి, రికార్డు డబ్బాను అట్లాగే ఊడదీసి, సీలు వేయించి స్టేషన్‌లో ఇచ్చారు.

కేసు పెట్టారు. వాడు కొన్నాళ్ళు లోపలుండి, బెయిలు మీద వచ్చాడు. పుష్ప ఉన్న చోటికి రాకూడదని షరతు పెట్టారట, ఇప్పటిదాకా రాలేదు. రెండుసార్లు కోర్టుకు పిలిచారు. రెండుసార్లూ వాయిదా పడింది. రెండుసార్లూ సువర్ణ దుకాణం మూసి కొత్తగూడెం వెళ్ళి, చెట్టు కింద కూర్చుని తిరిగి వచ్చింది.

పుష్ప వారం రోజులు పనికి పోలేదు. ఎనిమిదో రోజు తనే లేచి తయారైంది. బాబూరావు ఆమె పక్కనే స్టేజీదాకా నడిచి వెళ్ళాడు. తర్వాత రోజూ ఎవరో ఒకరు ఆమె వెంట నడుస్తున్నారు. చేలవాళ్ళంతా ఒక రోజు కూడి, కల్వర్టు చుట్టూ ఉన్న కంపలు కొట్టేశారు. ఆ కంపల్లోనే డబ్బా దొరికింది, మోగి మోగి చచ్చిపోయి.

నెల తర్వాత బాబూరావు ఇల్లందు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. దుకాణంలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఇంటికి నాలుగు కెమెరాలు పెడదామనుకుంటున్న. ముందొకటి, వెనకొకటి..."

సువర్ణ సామాను సంచీ తీసుకుని, ఆయన్ను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తండాకు వెళ్ళింది. ఇంటి చుట్టూ తిరిగి చూసి, వెనక తలుపు దగ్గర ఆగింది. లోపల గడియ పెట్టించి, బయటినుంచి తలుపును భుజంతో ఒక్క తోపు తోసింది. గడియ ఊడి కింద పడింది. దాన్ని పట్టి ఉంచినవి రెండే స్క్రూలు, అవీ గోరంత పొడవు.

"నాలుగు కెమెరాలల్ల ఈ తలుపు ఊడిపోవుడు మంచిగ కనపడ్తది కాకా," అంది.

బాబూరావు ఆ గడియ వైపు, ఆమె వైపు చూశాడు. లోపల పుష్ప నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

సువర్ణ తలుపు ముందు గొంతుక్కూర్చుని, కొత్త రంధ్రాలు వేసి, రెండంగుళాల స్క్రూలు ఆరు బిగించింది. గంట పట్టింది. ఆ గంటలో బాబూరావు ఆరు ప్రశ్నలు అడిగాడు. ఆమె ఆరింటికీ జవాబు చెప్పింది. చాంది జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని, పొద్దుగూకకముందే ఇల్లందు దారి పట్టింది.